ఫలక్‌నుమా కలప, హైదరాబాద్ తేమ

హైదరాబాద్‌లో కొండ మీద ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌ను పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టాడు. గ్రంథాలయానికి ఇంగ్లండులోని విండ్సర్ కోట నమూనాలో చెక్కిన వాల్‌నట్ కప్పు పెట్టించాడు. రాతికీ సున్నానికీ అలవాటుపడిన ఊళ్లో ఇంత కలపను కాపాడడం చిన్న పని కాదు.

కర్ర గాలిలోని తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు ఆరి కుంచించుకుపోతుంది. నిలువునా మాత్రం పెద్దగా మారదు. అందుకే చెక్క నేలలో గోడల దగ్గర కాస్త సందు వదలాలి. లేకుంటే వానాకాలంలో పలకలు పైకి లేస్తాయి. టేకులో సహజంగా నూనె ఉండడం దానికి పెద్ద బలం. పాతబస్తీ దేవిడీల్లో కర్ర స్తంభాలను రాతి దిమ్మెల మీద నిలిపేవారు. నేల చెమ్మ మొదట రాతినే తాకుతుంది. నూనె, మైనం పూతలు తేమ చేరడాన్ని ఆలస్యం చేస్తాయి, పూర్తిగా ఆపలేవు.

1897 ప్రాంతంలో ప్యాలెస్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 1911లో ఆయన మరణం తరువాత వాడకం తగ్గింది, 1950ల తరువాత చాలాకాలం మూతపడింది. కలపకు మూసిన గది చేటు: గాలి ఆడని చోట చెమ్మ నిలుస్తుంది, బూజు, చెదలు చేరతాయి. దీర్ఘకాలం సాగిన మరమ్మతుల తరువాత 2010 నవంబరులో అది హోటల్‌గా తెరుచుకుంది.