దిద్దిన రాజ్యాంగాన్ని మళ్ళీ దిద్దిన కథ

రాజ్యాంగం మాటెత్తగానే అది ప్లీడర్ల గొడవ, మనకెందుకని పక్కన పెట్టేయకండి. మనింటి మనిషిని రాత్రికి రాత్రి పట్టుకుపోతే ఎందుకని అడిగే దిక్కుందా లేదా అన్నది అందులోనే ఉందండీ.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద రాష్ట్రపతి సంతకం పడింది. మంత్రివర్గానికి ఆ సంగతి తెలిసింది మర్నాడు పొద్దున! నిర్బంధంలో ఉన్నవారు కోర్టుకెక్కే వీలు లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు జడ్జీలలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ప్రతిపక్ష నాయకులెందరో జైళ్ళలో ఉండగానే, ఆ ఏడాది చివర పార్లమెంటు 42వ సవరణ చేసింది. ఒకటో రెండో మాటలు కావు, 59 క్లాజులు. లోక్‌సభ గడువు అయిదేళ్ళనుంచి ఆరేళ్ళయింది. మనం ఓటేసింది అయిదేళ్ళకు. ఆరో ఏడు మనల్ని అడక్కుండానే రాసేసుకున్నారన్నమాట. పైగా రాజ్యాంగ సవరణలను ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదన్నారు.

1977 మార్చి ఎన్నికల్లో జనతా పార్టీ గెలిచింది. మన ఆంధ్రప్రదేశ్ దారి వేరు, 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. మిగిలిన ఒక్క నంద్యాలలో నెగ్గిన నీలం సంజీవరెడ్డిగారు ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు.

మరి గెలిచినవాళ్ళు 42ను ఒక్క వేటున కొట్టేయవచ్చు కదా అంటారేమో. అక్కడే వచ్చింది చిక్కు. రాజ్యాంగాన్ని దిద్దాలంటే ఉభయసభల్లోనూ ఓటేసినవారిలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకోవాలి. రాజ్యసభలో బలం కాంగ్రెసుది. ముడి వేసినవారి చేతే ముడి విప్పించాలి! న్యాయమంత్రి శాంతిభూషణ్‌గారికి వాళ్ళను కూడగట్టుకోక తప్పలేదు. రాజ్యసభ అయిదు క్లాజులు తోసిపుచ్చింది. అందులో ఒకటి, మౌలికమైన విషయాలను మార్చాలంటే ప్రజల ఓటు అడగాలన్నది. నాకైతే అది పోవడమే కష్టంగా తోస్తుంది.

అయినా దక్కింది తక్కువేం కాదు. లోక్‌సభ మళ్ళీ అయిదేళ్ళకు దిగింది. ఎమర్జెన్సీకి 'ఆంతరంగిక కల్లోలం' చాలదు, సాయుధ తిరుగుబాటే ఉండాలి. మంత్రివర్గం రాతపూర్వకంగా చెప్పాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు ఉన్న రక్షణను ఎమర్జెన్సీలో కూడా ఆపకూడదు. ఆస్తిహక్కు మాత్రం ప్రాథమిక హక్కుల్లోంచి జారిపోయి మామూలు చట్టబద్ధమైన హక్కయింది. ఈ 44వ సవరణ మీద 1979 ఏప్రిల్ 30న సంతకం పెట్టింది మన సంజీవరెడ్డిగారే.

ఇంకొక్క సంగతి. విచారణ లేకుండా, సలహా బోర్డుకు చూపకుండా మనిషిని మూడు నెలలదాకా నిర్బంధించవచ్చు. దాన్ని రెండు నెలలకు తగ్గించే సెక్షను కూడా ఈ సవరణలో ఉంది. అమల్లోకి వచ్చే తేదీని మటుకు ప్రభుత్వం ప్రకటించాలి. జనతావారు ప్రకటించలేదు. ఆ తరువాత వచ్చినవారిలోనూ ఎవరూ ప్రకటించలేదు. నేటికీ అది మూడు నెలలే.