బొడ్డుత్రాడులోని నాడి

తెనాలి స్టేషను ప్లాట్‌ఫారముపై నిలుచున్నవారికి ఒక సంగతి అనుభవములోనిదే. ఆగకుండ సాగిపోవు మెయిలు బండి కూత, దగ్గరకు వచ్చునపుడు హెచ్చు శ్రుతిలో వినిపించును. మనలను దాటిన మరుక్షణమే బొంగురుపోవును. తరంగములకు గల ఈ ధర్మమును 1842లో ప్రాగు నగరమున క్రిస్టియన్ డాప్లర్ అను పండితుడు సూత్రీకరించెను. 1845లో హాలెండులో బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు రైలుబండిపై బాకా వాయించువారిని ఎక్కించి, పట్టాల ప్రక్క శ్రుతిజ్ఞానము గలవారిని నిలిపి, ధ్వని విషయమున అది నిజమని తేల్చెను. రైలుకూతకును తల్లికడుపులోని బిడ్డకును సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును.

కొన్నేండ్ల క్రిందట బాపట్లలో నున్న మా చెల్లెలికి ఏడవనెల వచ్చినది. బిడ్డ నెలలకు తగినట్లు పెరుగుటలేదని అచ్చటి డాక్టరమ్మగారు అనుమానించి, స్కానింగుకై తెనాలికి పంపిరి. వెంట మేమును పోయితిమి. చీకటిగదిలో యంత్రమునుండి ఉప్పెనగాలివంటి చప్పుడొకటి తెరలుతెరలుగా వెలువడెను. అది బొడ్డుత్రాడులో రక్తము ప్రవహించు చప్పుడట! “ఇది నా నాడియేనా?” అని చెల్లెలు అడిగినది. “కాదమ్మా, బిడ్డది” అనిరి డాక్టరుగారు. ఆ రెండు మాటలు చెప్పగలుగుటకు మానవజాతికి ఎంత కాలము పట్టినదో అప్పుడు మాకు తట్టలేదు.

తల్లి రసమును తెచ్చు నాడితో గర్భస్థశిశువు నాభినాడి ముడిపడియున్నదని సుశ్రుతుడు చెప్పెను. నాభికి మాయయు, మాయకు తల్లి హృదయమును సంబంధించినవని చరకము. పోషణ ఏ త్రోవను వచ్చునో మన పూర్వులు చక్కగనే గ్రహించిరి. గ్రీకు వైద్యుడు గాలెను మాత్రము తల్లి రక్తనాళములే బిడ్డలోనికి కొనసాగినవని తలచెను; వెయ్యేండ్లకు పైగా ఐరోపా ఆ మాటనే నమ్మెను. 1564లో ఇటలీ దేశీయుడగు అరాంజియో దానిని కాదనెను. 1628లో హార్వే రక్తప్రసరణమును నిరూపించెను. పిమ్మట లండనులో విలియం హంటరు, మైనమును నాళములలోనికి ఎక్కించి చేసిన పరిశీలనల మీదుగా, మాయలో తల్లి రక్తమును బిడ్డ రక్తమును వేర్వేరు త్రోవలలో నడచుచున్నవని చూపెను. అతని చిత్రపటముల మహాగ్రంథము 1774లో వెలువడినది.

కాని చచ్చినదేహములో మైనము చూపునది త్రోవ మాత్రమే, నడక కాదు. నడకయే అసలు వింత. త్రాడులో సామాన్యముగా రెండు ధమనులు, ఒక సిర. మొదటి వారములలో సిరలును రెండే. కుడిది త్వరలోనే అంతరించును. మన దేహములో ధమని మంచిరక్తమును మోయును గదా, ఇక్కడ తారుమారు: ధమనులు వాడిన రక్తమును మాయకు చేర్చును, సిర ప్రాణవాయువుతో కూడిన రక్తమును బిడ్డకు తెచ్చును. త్రాడులోని ఈ నాళములను ఆజ్ఞాపించు నరములు ఇంచుమించు లేనేలేవు. నైట్రిక్ ఆక్సైడు, ప్రోస్టాసైక్లిను వంటి రసాయనములే వానిని సడలించి ఉంచును.

మూడవనెలలో మాయ ఇంకను లేతది. బిడ్డ గుండె కొట్టినపుడు ధమనిలో రక్తము ముందుకు దుముకును, కొట్టుకు కొట్టుకు నడుమ నిలిచిపోవును. నాలుగవనెల మొదలు మాయలోని శాఖలు చిగురించుకొలది అడ్డు తగ్గును. గుండె విశ్రమించు క్షణమునను ప్రవాహము ఆగదు. ఇరువదవ వారమున సిరలో నిమిషమునకు సుమారు 35 మిల్లీలీటర్లు పారునది, నలువదవ వారమునకు 240 వరకు పెరుగును. మాయ సరిగా ఎదుగనిచో ఆ నడిమి ప్రవాహము సన్నగిలును, ఆగును, కడకు వెనుకకు మరలును. ఆ మరలుట మిక్కిలి ప్రమాదసూచకము.

బ్రతికియున్న బిడ్డలో, తల్లిని కోయకుండ, గ్రుచ్చకుండ దీనిని కనిపెట్టినది 1977లో. ఐర్లండు రాజధాని డబ్లినులో ఫిట్జెరాల్డు, డ్రమ్ము అను ఇరువురు చెవికందని ధ్వనిని కడుపులోనికి పంపి, పారుచున్న రక్తకణములను తాకి మరలిన ప్రతిధ్వనిలోని శ్రుతిభేదమును పట్టిరి. తెనాలి స్టేషనులో కూత చెప్పినదే అక్కడ రక్తము చెప్పెను!

మా బాల్యమున రేపల్లె దాపున ఒక పల్లెలో ముసలి మంత్రసాని ఉండెడిది. బిడ్డ పుట్టగనే త్రాడును రెండు వ్రేళ్ల నడుమ పట్టుకొని కూర్చుండెడిదట. తొందరపెట్టినవారితో, “నాడి ఆడుతుండంగా కత్తి పెట్టగూడదమ్మా” అనెడిదని మా పెద్దలు చెప్పుదురు. ఆమె కత్తి శుభ్రతకు మేము పూచీపడజాలము. అట్టి కత్తుల వలన ధనుర్వాతము సోకి రాలిపోయిన పసికందులెందరో. వ్రేళ్ల విషయమున మాత్రము ఆమె తప్పు చెప్పలేదు. పుట్టిన పిదప కొన్ని నిమిషములలో ధమనులు తమంతట తామే ముడుచుకొనును. ఈలోగా సుమారు 80 మొదలు 100 మిల్లీలీటర్ల రక్తము మాయనుండి బిడ్డకు చేరవచ్చును. ఒక నిమిషమునకు ముందుగ త్రాడు బిగింపవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పుచున్నది.

మా చెల్లెలిని వారమునకు రెండుమారులు బాపట్లనుండి తెనాలికి తీసికొనిపోయెడివారము. ముప్పదినాలుగవ వారమున ఒక ఉదయము ఆ చప్పుడులో తెరకును తెరకును నడుమ నిశ్శబ్దము ఏర్పడినది. మాకు అర్థము కాకపోయినను డాక్టరుగారి ముఖము చూచి భయమైనది. ఆ సాయంకాలమే ఆపరేషను చేసిరి. ఆడుపిల్ల, పదిహేడు వందల గ్రాములు. ఇప్పుడు అయిదవ తరగతి చదువుచున్నది, రైలుకూత వినగానే కిటికీ వద్దకు పరుగెత్తును.