కత్తి నేర్చుకున్నవాడికి గొడ్డలి దొరికితే

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఒక రాత్రి. హాస్టల్ గదిలో నాలుగు కంప్యూటర్లు, మధ్యలో ఒక స్విచ్, నేల మీద కేబుళ్ళు. డయాబ్లో 2 ఆడుతున్నాం. నా బార్బేరియన్ నలభయ్యో లెవెల్ దాటాడు. అప్పటికే ‘స్వోర్డ్ మాస్టరీ’లో 16 పాయింట్లు పెట్టేశాను. ఆ రాత్రి ఒక రాక్షసుడు చచ్చి, బంగారు రంగు అక్షరాలతో ఒక గొడ్డలి కింద పడింది. నా కత్తి కంటే ఎన్నో రెట్లు మంచిది.

“ఏరా, ఆ కత్తి పారేసి ఇది పట్టుకో,” అన్నాడు పక్కవాడు.

“పట్టుకోవచ్చు. కానీ వీడు నేర్చుకున్నది కత్తి కదరా.”

గొడ్డలి చేతికి రాగానే ఆ 16 పాయింట్లూ సున్నా. వాటిని వెనక్కి తీసుకునే దారి ఆటలో లేదు. నా ముందు రెండే మార్గాలు: గొడ్డలిని పెట్టెలో దాచుకోవడం, లేదా కొత్త బార్బేరియన్‌ని పుట్టించి మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టడం. నేను రెండోది చేశాను. ఆ సెమిస్టర్ మార్కుల గురించి ఇక్కడ రాయను.

ఆడేవాళ్ళు ‘బిల్డ్’ అని పిలిచే వస్తువు గురించి ఈ వ్యాసం. ఏ ఆయుధం, ఏ స్కిల్, ఎన్ని పాయింట్లు అని మనం చేసుకునే ఎంపికల మొత్తానికి ఆ పేరు. చూడ్డానికి లెక్కల వ్యవహారం. కానీ దాని చరిత్రంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: తప్పు ఎంచుకున్నవాణ్ణి ఏం చేయాలి?

*

ఈ వంశవృక్షానికి రెండు వేర్లున్నాయి. మొదటిది 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట. ఆ మొదటి నియమాల్లో ఒక విచిత్రం ఉంది. బాకు అయినా, పెద్ద గొడ్డలి అయినా తగిలిన దెబ్బకి పడేది ఒకటే ఆరు ముఖాల పాచిక. ఆయుధానికో దెబ్బ అన్నది 1975 నాటి అనుబంధంతో వచ్చింది. 1978లో కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఇంకో అడుగు ముందుకేసింది. యోధుడు మొదట్లో నాలుగు ఆయుధాలు మాత్రమే ఎంచుకోవాలి. వాటిని తప్ప వేరేది పట్టుకుంటే గురి తగ్గుతుంది. మంత్రగాడికైతే ఒక్క ఆయుధమే. ‘నువ్వు ఏది నేర్చుకున్నావో అదే నువ్వు’ అన్న సూత్రం ఇక్కడ పుట్టింది.

రెండో వేరు 1980 ప్రాంతంలో అమెరికా యూనివర్సిటీ కంప్యూటర్లలో మొలిచిన రోగ్. మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ మొదలుపెట్టిన ఈ ఆటలో అక్షరాలే బొమ్మలు. నేలమాళిగ ఆడిన ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. ఏ మూల ఏ ఆయుధం దొరుకుతుందో ఎవరికీ తెలియదు. దొరికినదానితో బతకాలి, చస్తే మొదటి నుంచి ఆడాలి. ఇక్కడ మనిషి నేర్చుకున్నది పెద్దగా లేదు. దొరికిందే వాడి బలం.

ఒకటి ఎంపిక, ఇంకొకటి ప్రాప్తం. ఈ రెండూ చాలాకాలం వేర్వేరు ఇళ్ళలో పెరిగాయి. వీటికి పెళ్ళి చేసినవాళ్ళు కాలిఫోర్నియాలోని ఒక చిన్న బృందం: డేవిడ్ బ్రెవిక్, ఎరిక్, మ్యాక్స్ షేఫర్ సోదరులు. తర్వాత బ్లిజ్జర్డ్ నార్త్ అయింది ఈ బృందమే. బ్రెవిక్ కాలేజీ రోజుల్లో రోగ్ సంతతికి చెందిన మోరియా, ఆంగ్‌బాండ్ లాంటి ఆటలు విపరీతంగా ఆడాడు. అతను మొదట అనుకున్న డయాబ్లో కూడా వాటిలాగే వంతులవారీగా సాగే ఆట. వంతులు తీసేసి, మౌస్ నొక్కగానే దెబ్బ పడేలా మార్చాక, మనకు తెలిసిన డయాబ్లో 1996 చివర్లో తయారైంది.

ఆ మొదటి డయాబ్లోలో ఎంపిక ఇంకా పలచగానే ఉంది. లెవెల్‌కి ఐదు పాయింట్లు బలం, మంత్రం, చురుకు, ఆయువుల్లో పంచుకోవాలి. మంత్రాలు పుస్తకాల్లో దొరికేవి. చదవగలిగితే యోధుడు కూడా నిప్పు విసరవచ్చు. ప్రాప్తానిదే పైచేయి.

*

2000 జూన్‌లో వచ్చిన డయాబ్లో 2 ఈ తూకాన్ని తిరగేసింది. ఐదుగురు పాత్రధారులు, ఒక్కొక్కరికి 30 స్కిల్స్, అవి మూడు చెట్లుగా అమరి ఉంటాయి. ఈ స్కిల్ ట్రీ ఆలోచన సివిలైజేషన్ ఆటలోని సాంకేతికతల చెట్టు నుంచి వచ్చిందని బ్రెవిక్ తర్వాత చెప్పాడు. కానీ అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా ఉంది. సివిలైజేషన్‌లో కుండలు ముందు కనిపెట్టాలా, కంచు ముందా అన్నదే ప్రశ్న. ఓపిక పడితే చివరికి అన్నీ మనవే. డయాబ్లో 2లో ఒక్కో స్కిల్‌లో 20 పాయింట్లు పట్టే చోటు ఉంది. 30 స్కిల్స్‌కి 600 చోట్లు. 99వ లెవెల్‌కి చేరినా, క్వెస్టులు ఇచ్చేవి కలుపుకున్నా చేతికొచ్చేది 110 పాయింట్లు. అంటే అక్కడ చెట్టు ‘ఏది ముందు’ అని అడిగితే, ఇక్కడ చెట్టు ‘ఏది వద్దు’ అని అడుగుతోంది.

బార్బేరియన్ దగ్గర ఈ ప్రశ్న మరీ కఠినం. కత్తి, గొడ్డలి, గద, పొడవాటి కర్ర ఆయుధాలు, ఈటె, విసిరే ఆయుధాలు — దేని మాస్టరీ దానిదే. అంటే ఎంపిక 1978 నాటి పుస్తకంలోలా కచ్చితంగా ఉంది. ఆయుధాలు మాత్రం రోగ్‌లోలా యాదృచ్ఛికంగా రాలుతున్నాయి. నా 16 పాయింట్ల దుఃఖం నా తెలివితక్కువతనం వల్ల మాత్రమే వచ్చింది కాదని ఇప్పుడు అర్థమవుతుంది. రెండు వేర్లు ముడిపడ్డ చోట నేను కాలు పెట్టాను.

దీనికి ఆటగాళ్ళు కనిపెట్టిన మొదటి విరుగుడు దాచుకోవడం. మంచి స్కిల్స్ 18, 24, 30 లెవెళ్ళలో తెరుచుకుంటాయి. కాబట్టి అప్పటిదాకా పాయింట్లు ఖర్చు పెట్టకుండా పిసినారిలా ఉండాలి. చెప్పడం తేలికే. రెండో అంకం చివర ఇరుకు గదిలో డ్యూరియల్ ఎదురైతే, జేబులో పది పాయింట్లు పెట్టుకుని చావడం ఎలా ఉంటుందో ఆడినవాళ్ళకి తెలుసు. కర్ణుడు ఇంద్రుడిచ్చిన శక్తిని అర్జునుడి కోసం దాచాడు. ఆ రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద విసరక తప్పలేదు. ఒక్కసారే వాడగలిగే ఆయుధంతో వచ్చే చిక్కు మనవాళ్ళకి ఏ ఆటా నేర్పనక్కర్లేదు.

రెండో విరుగుడు కాపీ కొట్టడం. వెనక్కి తీసుకోలేని ఎంపిక మనిషికి ధైర్యం నేర్పుతుందని, తనదైన దారి వేసుకునేలా చేస్తుందని పాతకాలం ఆటగాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. నేను చూసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. గొడ్డలి రాత్రి తర్వాత మా హాస్టల్లో ఎవరూ సొంతంగా పాయింట్లు పెట్టలేదు. ఎవడో ప్రింటవుట్ తెచ్చాడు. దాంట్లో ఎలా ఉంటే అలా పెట్టాం. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి నేను వెళ్ళిన తీరు కూడా అంతే. సీనియర్ రాసిచ్చిన చీటీ, దాంట్లో వరసగా కాలేజీలు, బ్రాంచీలు. ఏది ఇష్టమో తెలియని వయసులో, మార్చుకోలేనిది అడిగితే ఎవడైనా చీటీయే చూస్తాడు.

*

ఇంత పట్టుదలగా ‘నీ మాట మీద నువ్వు నిలబడు’ అని చెప్పిన ఆట తన మాట మీద తాను నిలబడిందా? లేదు. 2003 అక్టోబరులో 1.10 ప్యాచ్ వచ్చింది. దానితో ‘సినర్జీ’ అనే కొత్త సూత్రం ప్రవేశించింది. అంతకుముందు చెట్టు కింది కొమ్మల్లో ఉన్న చిన్న స్కిల్స్ మెట్ల లాంటివి. ఒక్క పాయింటు పెట్టి పైకి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆ చిన్నవే పెద్దవాటికి బలం ఇస్తాయి. మంత్రగత్తె ఫైర్ బాల్ గట్టిగా తగలాలంటే ఫైర్ బోల్ట్, మీటియోర్‌లలో కూడా పాయింట్లు పోయాలి. అదే సమయంలో ‘హెల్’ స్థాయి రాక్షసులు బాగా ముదిరారు.

ఆలోచనగా సినర్జీ బాగుంది. చిన్నప్పుడు నేర్చుకున్నది పెద్దయ్యాక పనికొస్తుందని చెప్పడంలో ఒక అందం కూడా ఉంది. కానీ పాత నియమాలు నమ్మి నిప్పు, మంచు రెండిట్లోనూ సగం సగం పెట్టినవాళ్ళ సంగతి? వాళ్ళు తప్పేం చేయలేదు. వాళ్ళు ఎంచుకున్నాక నియమం మారింది. నియమాలు రాసేవాడికి మార్చుకునే హక్కు ఉండి, ఆడేవాడికి లేకపోతే దాన్ని క్రమశిక్షణ అనడం కష్టం.

ఆ బాకీ తీరడానికి ఆరేళ్ళు పైనే పట్టింది. 2010 మార్చిలో 1.13 ప్యాచ్ వచ్చింది. ఆట మొదట్లోనే, శిబిరంలో అకారా అనే పూజారిణి మనకు మొదటి పని అప్పజెబుతుంది: పక్కనున్న గుహలో రాక్షసుల్ని ఊడ్చేయమని. ఆ పని చేసినవాళ్ళకి, కావాలంటే పాయింట్లన్నీ వెనక్కి ఇచ్చే వరం ఆమె చేతిలోనే పెట్టారు. ఒక్కో స్థాయిలో ఒక్కసారి, మొత్తం మూడుసార్లు. ఇంకా కావాలంటే పెద్ద రాక్షసుల్ని చంపి నాలుగు సారాలు పోగుచేసి, ఘనంలో కలిపి ఒక టోకెన్ చేసుకోవాలి. దాని పేరులోనే పాపవిముక్తి అన్న అర్థం ఉంది. పేరు పెట్టినవాళ్ళకి తాము ఏం చేస్తున్నారో తెలుసు.

*

ఆ తర్వాత గడియారపు లోలకం అటు చివరికి వెళ్ళింది. 2012 మేలో వచ్చిన డయాబ్లో 3లో స్కిల్ పాయింట్లే లేవు. ఆరు స్కిల్స్ పెట్టుకో, నచ్చకపోతే మార్చుకో. ఆయుధంతో తగాదా కూడా తీసేశారు. దెబ్బకి ఆధారం ఆయుధం మీద రాసున్న అంకె మాత్రమే. దాంతో బక్కపలచని మంత్రగాడు రెండు చేతుల గొడ్డలి వీపున తగిలించుకుని, దాన్ని ఎప్పుడూ విసరకుండానే, దాని బలంతో మంత్రాలు వేసేవాడు. నాకు నవ్వొచ్చింది, కాస్త దిగులు కూడా వేసింది. 60వ లెవెల్‌లో ఉన్న ఇద్దరు బార్బేరియన్లని పక్కపక్కన నిలబెట్టి బట్టలు, ఆయుధాలు తీసేస్తే ఇద్దరూ ఒకటే. నా పాత బార్బేరియన్ ఓడిపోయినా, వాడు నావాడని తెలిసేది.

ఆట చేసినవాళ్ళకి కూడా ఈ లోటు తెలిసినట్టే ఉంది. పెద్ద రాక్షసుల్ని వరసగా చంపితే వచ్చే ఒక దీవెన, మధ్యలో స్కిల్ మారిస్తే పోయేలా మొదట్లో పెట్టారు. మార్చుకోవడం ఉచితం అని ముందు తలుపునుంచి చెప్పి, దొడ్డిదారిన చిన్న సుంకం వసూలు చేశారు. చిత్రం ఏమిటంటే, ఇక్కడా జనం కాపీయే కొట్టారు. ఏదైనా మార్చుకోవచ్చు అన్నప్పుడు, అందరికంటే మంచిదాన్నే ఎందుకు పెట్టుకోకూడదు?

ఈ రెండు చివరల మధ్య చోటు వెతికినవాళ్ళు లేకపోలేదు. న్యూజీలాండ్‌లోని గ్రైండింగ్ గియర్ గేమ్స్ 2013లో తెచ్చిన పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో వెయ్యికి పైగా చుక్కలున్న ఒకే మహావృక్షం అన్ని పాత్రలకీ ఉమ్మడి. వెనక్కి రావచ్చు, కానీ ఒక్కో పాయింటుకీ ‘ఆర్బ్ ఆఫ్ రిగ్రెట్’ ఒకటి ఖర్చయ్యేది. పశ్చాత్తాపానికి చిల్లర లెక్క. 2022లో జపాన్ నుంచి వచ్చిన ఎల్డెన్ రింగ్ ఇంకో దారి పట్టింది. లెవెళ్ళు తిరిగి పంచుకోవచ్చు. దానికి కావల్సిన లార్వల్ టియర్లు లోకంలో లెక్కపెట్టినన్నే. అంతకంటే నాకు నచ్చింది దాని ‘యాష్ ఆఫ్ వార్’. ఇవి ఆయుధానికి అతికించే నైపుణ్యాలు. కొన్ని ప్రత్యేక ఆయుధాల్ని మినహాయిస్తే, అదే గొడ్డలిని బలం ఉన్నవాడు బలానికి, చురుకు ఉన్నవాడు చురుకుకి తగ్గట్టు మలుచుకోవచ్చు. మనిషి మారనక్కర్లేదు, దొరికిన వస్తువే మనిషి దగ్గరికి వస్తుంది. ఎంపికకీ ప్రాప్తానికీ అర్ధశతాబ్దంగా నడుస్తున్న తగాదాలో ఇంత మర్యాదైన రాజీ నేను ఇంకోటి చూడలేదు.

*

మా ఆఫీసులో కూడా ‘బిల్డ్’ అనే మాటే వాడతాం. రాత్రి పగిలితే పొద్దున సరిచేసి మళ్ళీ నడుపుతాం. ఏ మార్పునైనా వెనక్కి తిప్పవచ్చు. పదిహేనేళ్ళుగా ఆ అలవాటులో బతికినవాడిగా, వెనక్కి తీసుకోలేకపోవడంలో గొప్పతనం ఉందని నేను ఒప్పుకోలేను. కఠినత్వం మమ్మల్ని ధైర్యవంతుల్ని చేయలేదు, చీటీలు చూసేవాళ్ళని చేసింది. అలాగని తప్పుకి ఖరీదే లేకపోతే ఎంచుకున్నదానికి విలువా మిగల్లేదు. తప్పు చేయడానికి సాహసించేంత తక్కువగా, చేశాక గుర్తుండేంత ఎక్కువగా ఉండాలి ఆ ఖరీదు. ఆటలు చేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవడానికి చాలా ఏళ్ళే తీసుకున్నారు. కౌన్సెలింగులు నడిపేవాళ్ళు ఇంకా తెలుసుకోవాల్సి ఉంది.

2010లో ఆ ప్యాచ్ వచ్చాక పాత హార్డ్ డిస్క్ వెతికి, ఆ మొదటి బార్బేరియన్‌ని తెరిచాను. గొడ్డలి పెట్టెలోనే ఉంది. అకారా దగ్గరికి తీసుకెళ్ళి పాయింట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ఆ 16 పాయింట్లు గొడ్డలి మాస్టరీలో పెట్టడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.