ఎరరీ పర్వతసీమలో బస: చరిత్ర నిలిచిన వసతి గృహాలు, ఊరికి దక్కాల్సిన ఇళ్లు

బ్రిటన్‌లోని వేల్స్ వాయవ్య ప్రాంతంలో, సముద్రతీరం వరకు విస్తరించిన పర్వతసీమ ఎరరీ. ఆంగ్లంలో దీనిని స్నోడోనియా అంటారు. 1951లో జాతీయ ఉద్యానంగా గుర్తింపు పొందిన ఈ ప్రాంతంలోనే వేల్స్‌లోకెల్లా ఎత్తయిన స్నోడన్ శిఖరం ఉంది. దీని ఎత్తు 1,085 మీటర్లు. ఇక్కడి వసతి గృహాలలో కొన్నింటికి విశిష్టమైన చరిత్ర ఉంది.

శిఖరానికి చేరువలోని పెన్-అ-గురిడ్ హోటల్ పర్వతారోహకులకు చిరపరిచితం. 1953 ఎవరెస్ట్ యాత్రకు సన్నద్ధమవుతున్న బ్రిటిష్ బృందం ఇక్కడ బస చేసి సాధన సాగించింది. ఆ ఏడాది మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్ట్‌ను అధిరోహించారు. బృంద సభ్యుల సంతకాలు నేటికీ హోటల్ లోకప్పుపై భద్రంగా ఉన్నాయి. సమీపంలోని పెన్-అ-పాస్ కనుమ వద్ద ఒకప్పుడు జార్జ్ మాలరీ వంటి ఆరోహకులు విడిది చేసిన హోటల్ ఇప్పుడు యువజన వసతి గృహంగా తక్కువ ఖర్చుతో ఆశ్రయమిస్తోంది.

తీరప్రాంతంలోని పోర్ట్‌మెయిరియన్‌ది మరో కథ. వాస్తుశిల్పి క్లఫ్ విలియమ్స్-ఎలిస్ 1925లో ప్రారంభించి దాదాపు యాభై ఏళ్లు శ్రమించి ఈ గ్రామాన్ని తీర్చిదిద్దారు. ఇతర చోట్ల కూల్చివేతకు గురైన భవనాల భాగాలను తెప్పించి ఇక్కడ పొందుపరిచారు. 1926లో తెరిచిన హోటల్ 1981లో అగ్నిప్రమాదానికి గురై, 1988లో పునఃప్రారంభమైంది. గ్రామంలోని కుటీరాలలోనూ అతిథులు బస చేయవచ్చు.

పలకరాతి గనులకు పేరొందిన ఈ ప్రాంత భూదృశ్యాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకనాడు గని కార్మికులు నివసించిన చిన్న రాతి ఇళ్లలో కొన్ని నేడు సెలవు విడిదులుగా మారాయి. స్థానికులను కలవరపెడుతున్నది ఈ మార్పే. పర్యాటకం ఇక్కడ ముఖ్య జీవనాధారమే అయినా, ఇళ్ల ధరలు అందుబాటులో లేక యువత సొంత ఊరు విడిచి వెళ్లవలసి వస్తోంది. ఎరరీలో అధికభాగం విస్తరించి ఉన్న గ్వినెద్ కౌంటీలో, 2021 జనగణన ప్రకారం 64.4 శాతం మంది వెల్ష్ భాష మాట్లాడతారు. వేల్స్‌లో ఇదే అత్యధికం. యువత వలసతో భాషకూ ముప్పు వాటిల్లుతుందన్నది స్థానికుల ఆందోళన.

ఈ నేపథ్యంలో గ్వినెద్ కౌన్సిల్ 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లపై స్థానిక పన్నుకు అదనంగా 150 శాతం విధించింది. నివాస గృహాన్ని రెండో ఇల్లుగా గానీ, స్వల్పకాలిక విడిదిగా గానీ మార్చేందుకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2024 సెప్టెంబరు 1న నిబంధన తెచ్చింది. దానిపై కొందరు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. యాత్రికుల కోసమే వెలసిన పాత హోటళ్లతో ఊరికి పేచీ లేదు. ఊరివారు నివసించవలసిన ఇల్లు ఏడాదిలో అధికకాలం తాళం వేసి ఉండడమే వివాదానికి మూలం.