మాట ఇంట్లో పుడుతుంది, బడిలో కాదు



కోస్తా జిల్లాలో పుట్టి పెరిగిన నేను పెళ్ళయి ఖమ్మం వచ్చిన మూడోరోజున జరిగిన సంగతితో మొదలుపెడతాను. మా అత్తగారు వంటింట్లోంచి, "అమ్మాయీ, ఆ తొక్కు ఇట్లా అందుకో" అన్నారు. నేను గబగబా పెరట్లోకి వెళ్ళి, చెత్తబుట్ట పక్కన పడివున్న అరటిపండు తొక్క పట్టుకొచ్చి ఇచ్చాను. ఆవిడ నా చేతివంకా, నా మొహంవంకా మార్చి మార్చి చూసి, పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ అడిగింది జాడీలోని మామిడికాయ తొక్కు. అంటే మా పుట్టింట్లో పచ్చడి అనేది. ఆ మాట మరి నాకు ఈనాటివరకూ మరుపు రాలేదు. ఎవరైనా పుస్తకంలో రాసిచ్చి, "తొక్కు అనగా పచ్చడి" అని పదిసార్లు వల్లించమంటే, పదకొండోసారికి మరిచిపోయి వుండేదాన్నేమో!

మాట ఎలా వస్తుందో, ఎలా నిలుస్తుందో ఇవాళ మీతో ముచ్చటించాలనుకున్నాను. దూరం వెళ్ళనక్కరలేదు. మన గోదావరి ఒడ్డున, ఖమ్మానికీ భద్రాచలం అడవికీ నడుమ, ఈ విషయానికి పెద్ద చరిత్రే వుంది.

భద్రాచలం అనగానే మనకు రాములవారి కల్యాణం, ముత్యాల తలంబ్రాలు గుర్తుకొస్తాయి. కంచెర్ల గోపన్న, అంటే మన రామదాసు, పదిహేడవ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వున్నాడనీ, తానీషా కొలువులో పనిచేశాడనీ పిల్లలకు కథగా చెప్పుకుంటాం. కాని ఆ స్థలపురాణంలోనే ఆయనకంటె ముందు ఒక ఆడమనిషి వుంది. పోకల దమ్మక్క. అడవిలో వుండే ఆ గిరిజన స్త్రీకే స్వామి మొదట కనిపించాడంటారు. ఆమె ఇంట్లో ఏ మాటలు మాట్లాడుకుందో ఎప్పుడైనా ఆలోచించామా?

ఆ ప్రాంతం చాలాకాలం సరిహద్దు ప్రాంతంగానే బతికింది. గోదావరికి ఇవతలి గట్టు నైజాం రాజ్యం. అవతలి భద్రాచలం తాలూకా మొదట మధ్యపరగణాల కింద వుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో ఆ చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. పాలకులు మారినప్పుడల్లా కాగితాలమీది భాష మారింది. అడవిలో వున్న కోయవారి ఇళ్ళలో మాత్రం కోయమాటే సాగింది. గోండీ భాషకు దగ్గరి చుట్టం అది. మన తెలుగుకీ చుట్టమే. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది తమ భాష కోయ అని చెప్పుకున్నారు.

చుట్టరికం వున్నచోటే పొరపాటూ ఎక్కువ. తెలుగులో "ఏరు" అంటే ప్రవాహం. కోయలో "ఏర్" అంటే నీళ్ళు. మనకు "లోన" అంటే లోపల. వారికి "లోన్" అంటే ఇల్లు. ఒకటో తరగతిలో కూర్చున్న కోయపిల్ల దాహమేసి "ఏర్" అందనుకోండి. కొత్తగా వచ్చిన పంతులమ్మ, "ఇప్పుడు ఏటికెందుకే? కూర్చో!" అని కసురుకుందనుకోండి. ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పుతుందా? "ఈ పిల్లకు బుర్ర లేదు" అని పంతులమ్మ, "ఈ బడి నాకొద్దు" అని పిల్ల! ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. నడుమ వున్న మాటదే ఇబ్బంది.

మరి ఈ భాషను బయటివాళ్ళు ఎలా నేర్చుకున్నారు? అదొక కథ. భద్రాచలానికి పాతిక కిలోమీటర్ల ఎగువన దుమ్ముగూడెం వుంది. గోదావరిమీద పడవలు నడిపించాలని అక్కడ ఆనకట్ట పనులు మొదలుపెట్టి, ఎగువ గోదావరి పథకమంతా 1871లో మానేశారు. పనులు ఆగినా అక్కడి మిషను మిగిలింది. ఆ మిషనులో జాన్ కేన్ అనే ఆయన ఏళ్ళ తరబడి వుండిపోయాడు. 1876 నుంచి 1881 దాకా, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించీ, అక్కడి కోయల ఆచారాల గురించీ "ఇండియన్ ఆంటిక్వరీ" అనే పత్రికలో రాశాడు. తరవాత 1909లో థర్‌స్టన్ దక్షిణదేశపు కులాల గురించి పెద్ద గ్రంథం అచ్చువేసినప్పుడు, కోయల సంగతి వచ్చేసరికి కేన్ రాతల మీదనే చాలావరకు ఆధారపడ్డాడు. ఎందుకంటే కేన్ ఆ ఊళ్ళలో వుండి విన్నాడు.

ఇంకో పద్ధతీ వుంది. గ్రియర్సన్ దొరగారు దేశంలోని చాలా భాషలకు లెక్క కట్టారు. ఒకే కథను, ఒకే మాటల జాబితాను జిల్లాలకు పంపి, "మీ ప్రాంతంలో దీన్ని ఎలా అంటారో రాసి పంపండి" అని అడిగారు. 1906లో వచ్చిన సంపుటంలో గోండీ పక్కన కోయ కూడా వుంది. అంత పెద్ద దేశానికి అదొక గొప్ప పనే, కాదనను. కాని జాబితా ఎంతవరకు చెబుతుంది? "పండుగను ఏమంటారు?" అని అడిగితే "పండుం" అని జవాబొస్తుంది. మనం రాసుకుంటాం. మన మనసులో కొత్తచీరలు, పిండివంటలు మెదులుతాయి. కోయవారి పండుం మన పండుగలాంటిదే గాని, అందులో ఒక కట్టుబాటు వుంది. విత్తనం చల్లే ముందు విజ్జ పండుం. మామిడికాయ కోతకు వచ్చినా, దాని పండుం జరిగేదాకా నోట పెట్టరు. అంటే ఆ మాటలో "ఇక మొదలుపెట్టవచ్చు" అన్న అనుమతి దాగి వుంది. ఇది జాబితాలో దొరకదు. ఆ పూట ఆ ఊళ్ళో వుండి, పిల్లవాడు మామిడిచెట్టు ఎక్కబోతే తల్లి కేకేసి దింపడం చూసినవాళ్ళకే తెలుస్తుంది.

తరవాతి కాలంలో అమెరికా నుంచి స్టీఫెన్ టైలర్ అనే పండితుడు వచ్చి, గోదావరి గట్టువెంట వుండే గొమ్ముకోయల మధ్య పరిశోధన చేశాడు. 1969లో వారి భాషకు వ్యాకరణం అచ్చయింది. అంతకుముందే, 1966లో, కోయల చుట్టరికపు పిలుపుల గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన చెప్పినది వింటే మీకు నవ్వొస్తుంది. ఒకే మనిషిని ఒకసారి ఒక మాటతో, ఇంకోసారి ఇంకో మాటతో పిలుస్తారట. పక్కన ఎవరున్నారు, ఎక్కడున్నారు, మాట్లాడేది ఆడా మగా, పెద్దా చిన్నా, వినేవాళ్ళకు ఏ భాష వచ్చు, వీటన్నిటినిబట్టి మాట మారుతుందట!

దీనికి వ్యాసం కావాలా అని మీరు అనుకుంటారు. మనింట్లో రోజూ జరిగేదేగా! అమ్మ తమ్ముడు "మామయ్య". భర్త తండ్రీ "మామయ్యే". "మామయ్యగారు వచ్చారు" అని మీరు చెబితే, చెప్పిన తీరునిబట్టి, కొంగు సర్దుకున్న తీరునిబట్టి ఎవరొచ్చారో ఇంట్లోవాళ్ళకు అర్థమవుతుంది. నలుగురిలో "ఏమండీ" అనేవాళ్ళం, నలుగురూ వెళ్ళాక ఇంకోలా పిలవమూ? మరి ఈ తెలివి మనకు ఏ పుస్తకం నేర్పింది? ఏ పుస్తకమూ కాదు. విన్నాం, అన్నాం, తప్పంటే నాలుక కరుచుకున్నాం, దిద్దుకున్నాం. అంతే.

మన పెద్దల్లోనూ ఈ దారి తొక్కినవారున్నారు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో వుండగా, సవరభాష వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. నిఘంటువు తరవాత వచ్చింది, 1930ల్లో. ముందు వచ్చింది ఇంట్లో మాటామంతీ. అలాగే భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపు మాటలు కూర్చిన మాండలిక వృత్తిపదకోశం 1962లో వెలువడింది. నాగలిలోని ఒక్కొక్క భాగాన్ని ఏ జిల్లా రైతు ఏమంటాడో రైతునే అడిగి తెలుసుకున్న మాటలవి. తరవాత చేనేత మాటలూ అలాగే వచ్చాయి. పండితులు పొలంగట్టుకూ, మగ్గం గుంటకూ వెళ్ళి నేర్చుకున్నారన్నమాట.

ఇక బడి సంగతి. కోయపిల్లల ఇబ్బంది చివరికి పెద్దల చెవిన పడింది. 2003-04లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల చదువు ప్రారంభించారు. అందులో కోయ ఒకటి. లిపి తెలుగుదే, మాట మాత్రం ఇంటిది. ఇంట్లో విన్న మాటమీద నిలబడి పిల్ల తెలుగులోకి మెల్లగా అడుగు వేయాలన్నది దాని వెనుక ఆలోచన. నిచ్చెన మొదటిమెట్టు నేలమీదే వుండాలి గదా! పై మెట్టునుంచి ఎక్కమంటే ఎవరు ఎక్కగలరు?

ఇది అడవిపిల్లల కథేనని పక్కన పెట్టకండి. మీ పిల్లలు సాయంత్రం పుస్తకం ముందేసుకుని, ఇంగ్లీషు మాటలూ అర్థాలూ కళ్ళు మూసుకుని వల్లిస్తూ వుంటారు. రేపు పరీక్షలో రాస్తారు, ఎల్లుండికి మరిచిపోతారు. ఆ మాటలు వారికి పొయ్యిమీద పెట్టని బియ్యంలాంటివి. ఒక పని చేసి చూడండి. రోజుకు పది మాటలొద్దు, రెండు చాలు. కొత్తమాట కనిపించగానే అర్థం చెప్పేయకండి. ఆ వాక్యం మొత్తం చదివించి, "ఏమై వుంటుందీ?" అని అడగండి. తప్పు చెప్పినా కసరకండి. ఊహించడమే సగం నేర్చుకోవడం. తరవాత పుస్తకంలో సరిచూసుకోనివ్వండి. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ మాటను వాడమనండి. మర్నాడు ఒకసారి, వారం పోయాక మరోసారి అనిపించండి. మూడుసార్లు నోట ఆడిన మాట తొందరగా పారిపోదు.

మీకూ ఒక మనవి. కొత్తగా వచ్చిన పొరుగింటావిడ వేరే జిల్లా యాసలో ఏదో అంటే నవ్వుకునే ముందు, "దీన్ని మీ వైపు ఏమంటారు?" అని అడగండి. మా అత్తగారు ఆనాడు నన్ను చూసి నవ్వినా, మర్నాటినుంచి ప్రతి గిన్నె, ప్రతి గింజ చూపించి, "ఇది మావైపు ఇట్లా అంటాం, మీవైపు?" అని అడిగేవారు. నేను ఉల్లిపాయ అంటే ఆవిడ ఉల్లిగడ్డ అనేవారు. నెల తిరిగేసరికి ఆవిడ ఉల్లిపాయ అంటున్నారు, నేను ఉల్లిగడ్డ అంటున్నాను! చెప్పుకోవడానికి చిన్న సంగతే. కాని ఆ అడగడంతోనే నేను ఆ ఇంటిమనిషినయ్యాను.

దుమ్ముగూడెం బడిలో దాహమేసిన ఆ కోయపిల్లకూ కావలసింది అదే. "ఏర్ అంటే ఏమిటి తల్లీ?" అని ఒక్కమాట అడిగే మనిషి. అడిగినవాళ్ళకు మాట వస్తుంది, పిల్లకు నీళ్ళు వస్తాయి.