తెలుగు అంతర్జాల పాఠం - స్క్రిప్టు భాష: ‘పద్మ’ పొడిగింపు పరిశీలన

1. ఉపోద్ఘాతం

సి, సి++ వంటి భాషల్లో రాసిన సాఫ్ట్‌వేర్ కంపైల్ అయి, యంత్రభాషా రూపంలో వాడుకరికి చేరుతుంది. అందులో మార్పు చేయాలంటే మూలసంకేతాన్ని సవరించి మళ్లీ కంపైల్ చేయాలి. దానిలోనే ఒక స్క్రిప్టు భాషను ఇమిడ్చితే, ఆ శ్రమ లేకుండా బయటివారూ కొత్త సౌకర్యాలను చేర్చగలరు. ఈ ఏర్పాటు తెలుగుకు చేసిన మేలును, దాని పరిమితిని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నాటి సమస్య

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. అయినా 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఈనాడు, వార్త వంటి పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లనే వాడాయి. ఆంగ్లాక్షరాలకు కేటాయించిన సంకేతాలకు ఈ ఫాంట్లు తెలుగు ఆకృతులను తొడిగేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ ఫాంటును తానే దించుకొని చూపేది. ఆ సౌకర్యం లేని ఫైర్‌ఫాక్స్‌లో అర్థంలేని గుర్తులు కనిపించేవి. పుటలో రేపల్లె వార్త ఉన్నా, ‘రేపల్లె’ అని యూనికోడ్‌లో వెతికితే దొరికేది కాదు.

3. పద్మ పనితీరు

బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ కోసం రూపొందించిన జావాస్క్రిప్టు, దాని వారసత్వంగా వచ్చిన ఫైర్‌ఫాక్స్‌లో వెబ్ పుటలకే పరిమితం కాలేదు. ‘ఎక్స్‌పీకనెక్ట్’ అనే వారధి ద్వారా బ్రౌజర్‌లోని సి++ భాగాలను కూడా జావాస్క్రిప్టుతో పిలిచే వీలుండేది. పొడిగింపులకు ఆధారం ఈ ఏర్పాటే. పద్మ పుటలోని పాఠాన్ని అందుకొని యూనికోడ్‌లోకి మార్చేది.

ఈ మార్పిడిలోని చిక్కును మూడు ఊళ్ల పేర్లు చూపుతాయి. ‘తెనాలి’లో సంయుక్తాక్షరం లేదు, ఆకృతులకు సరైన అక్షరాలను, గుణింతపు గుర్తులను పెడితే దాదాపు సరిపోతుంది. ‘బాపట్ల’లో లవత్తు ఆకృతిని పొల్లు, లకారం అనే రెండు సంకేతాలుగా విడదీయాలి. ‘రేపల్లె’లో క్రమమే మారాలి. ఇటువంటి ఫాంట్లలో సాధారణంగా ‘లె’ ముందు, వత్తు తర్వాత ఉంటాయి; యూనికోడ్‌లో ఎత్వం వత్తు తర్వాతే రావాలి. కాబట్టి ఇది కేవలం పట్టిక చూసి చేసే పని కాదు, అక్షర నిర్మాణ జ్ఞానం అవసరమైన పని. ఆ జ్ఞానాన్ని, బ్రౌజర్‌ను తిరిగి కంపైల్ చేయకుండానే, స్క్రిప్టు రూపంలో జోడించగలగడం ఇక్కడ గమనార్హం.

4. ముగింపు

అంతర్భాగాలను నేరుగా తాకే స్వేచ్ఛకు మూల్యం కూడా ఉంది. బ్రౌజర్ లోపల మార్పు జరిగిన ప్రతిసారీ పొడిగింపులు దెబ్బతినే అవకాశం ఉండేది; భద్రతకూ ముప్పే. 2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింపులకు స్వస్తి చెప్పి, పరిమిత ద్వారాలున్న కొత్త పద్ధతినే అనుమతించింది. పద్మ పాత పద్ధతికి చెందినదే.

అయితే పాత ఫాంటు సంకేతాల్లో భద్రమైన పుటలను నేటికీ యూనికోడ్‌లోకి మార్చకుండా చదవడం, వెతకడం కష్టం. ఒక తరం పత్రికా పాఠం పరిశోధకులకు అందాలంటే, ఫాంటు పట్టికలను, అక్షర నియమాలను ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కూ కట్టివేయక విడిగా కాపాడుకోవాలి. బ్రౌజర్‌తో ముడిపడినది కాలంతో పోయినా, లిపికి సంబంధించిన జ్ఞానం పోకూడదు.