గుండు ఖర్చు, ఉడత బరువు: దిగువ కృష్ణా డెల్టాలో నాటు తుపాకి వేట

అమెరికా తూర్పు అడవుల్లో ఉడత వేటకు పెద్ద చరిత్రే ఉంది. గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకులతో అక్కడి రైతులు ఉడతలను కొట్టి కూర వండుకునేవారు. మన గుడివాడ, గుడ్లవల్లేరు, బందరు, దివిసీమ ఊళ్లలో తాటిచెట్ల మీదా కొబ్బరితోటల్లోనూ ఉడతలకు కొదవ లేదు. నాటు తుపాకీ తెలియనిది కాదు. అయినా ఇక్కడ ఉడత వేట ఒక సంప్రదాయంగా పాతుకోలేదు.

అడగగానే అందరూ చెప్పే కారణం రాముడు. వారధి కట్టేటప్పుడు సాయపడిన ఉడత వీపును ఆయన నిమిరిన కథ వాల్మీకి రామాయణంలో లేదు. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో ఉంది. ఆ భక్తి నిజమే, కానీ అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను. సుబ్రహ్మణ్యస్వామి వాహనమైన నెమలినే వేటగాళ్లు వదల్లేదు. ఉడత మీద ఉండేలు గురిపెట్టే పిల్లలూ ఉండేవారు. అసలు కారణం తుపాకిలోనే వెతకాలి.

నాటు తుపాకిలో ముందు మందు పోయాలి. సూరేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపితే అయ్యే నల్లమందు అది. పైన గుడ్డపేలికో పీచో కూరి, కడ్డీతో దట్టించి, సీసపు సన్నగుండ్లు వేసి, మళ్లీ కూరి, చివర క్యాప్ పెట్టాలి. ఇంతా చేస్తే ఒక్క దెబ్బ. పొగ కమ్ముతుంది, చప్పుడుకి తోటంతా ఖాళీ అవుతుంది. అమెరికా బూడిదరంగు ఉడత అర కిలో దాకా తూగుతుంది కనుక ఆ దెబ్బ గిట్టుబాటయింది. మన చారల ఉడత సుమారు 100 గ్రాములు. అందులో తోలు, తోక, ఎముకలు పోను మిగిలేది ఎంత? అదే మందు కొల్లేటి నీళ్ల మీద గుంపుగా వాలిన పరజ బాతుల మీదికి పేలిస్తే, చెదిరే గుండ్లకు ఒకేసారి నాలుగైదు పిట్టలు పడే అవకాశం ఉంది. డెల్టాలో తుపాకిని నీటిపిట్టల వైపు తిప్పింది ఈ లెక్కేనని నా వాదన.

ఈ లెక్క బాగా తెలిసినవారు నక్కలవారు, అంటే పిట్టలోళ్లు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద అచ్చువేసిన గ్రంథంలో వీరిని పిట్టలు పట్టేవారిగా, నక్కలను వేటాడేవారిగా నమోదు చేశాడు. ఉచ్చుకూ వలకూ మందు ఖర్చు లేదు. చిన్న ప్రాణికి అవే చాలు. తుపాకి మందును గుంపు కోసం దాచుకోవడం వృత్తి నేర్పిన పొదుపు. ఈ పొదుపులో ఉన్న జ్ఞానం దొరల షికారు కథలకు ఏమాత్రం తీసిపోదు.

పంట కాపలా సంగతీ చూడాలి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్, నిజమైన పంట రక్షణకు మూతిమందు తుపాకి లైసెన్సును ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది. అడవిపందులు దిగే మెట్ట పొలాలకు అది అక్కరకొచ్చే మాట. డెల్టా వరిచేనుకు శత్రువు ఎలుక, పందికొక్కు. కలుగులో ఉన్నదాన్ని తుపాకి ఏం చేస్తుంది? అక్కడ పనికొచ్చింది ఎలుకలు పట్టే యానాదుల పొగ, బుట్టలే. ఉడత తినేది కాసిని కాయలు. దానికోసం లైసెన్సు పట్టే రైతు ఎవరు?

నీటిపిట్టల వేటకూ చట్టం అడ్డుకట్ట వేసింది. 1972 వన్యప్రాణి చట్టం మొదట్లో కొన్ని జంతువులకు వేట లైసెన్సులు ఇవ్వనిచ్చింది; 1991 సవరణ ఆ దారి మూసేసింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. పిట్టలకు ఆ రక్షణ అవసరమే. కానీ బతుకుతెరువు పోయిన నక్కలవారికి షెడ్యూల్డు తెగల జాబితాలో చోటు దొరికింది 2003 నాటి చట్టంతోనే. ఏ పిట్ట ఏ నెలలో ఏ మడుగున వాలేదో, ఏ గుంపుకి ఎంత మందు పోసేవారో చెప్పగల పెద్దలు ఆ కుటుంబాల్లో ఉండగానే వారి నోట విని రాసుకోవాల్సిన పని మన విశ్వవిద్యాలయాలది.